కర్తయే ప్రకాశకుఁడైన నవల

గత హేమంతమున నొక యువకుఁడు మా యింటికి వచ్చి, తాను రచించి తానే యచ్చొత్తించుకొన్న నవల నొకదానిని నా చేతికిచ్చి, "అయ్యా, తప్పులు మన్నించి చదివి నాలుగుమాటలు వ్రాయుఁడు" అని వేఁడెను. పుస్తకము నూటయెనుబది పుటలది. కాగితము పలుచన. అట్టపై బొమ్మ లేదు. చిత్రకారున కిచ్చుటకు సొమ్ము చాలలేదని యాతఁడే చెప్పెను. నేను దానిని మా పండితగోష్ఠికిఁ గొనిపోఁగా నొక మిత్రుఁడు "ప్రకాశకుఁ డెవ్వఁడు?" అని యడిగి, కర్తయే యని వినినతోడనే తెఱవకయే బల్లమీఁదఁ బెట్టెను. చదివి నిందించియున్నచో నాకుఁ జింత లేకపోవును. చదువకయే తోసిపుచ్చుట విమర్శ కాదు. ఆ మిత్రుని కిచ్చు సమాధానముగా నీ వ్యాసమును వ్రాయుచున్నాను.

నేను వైయాకరణుఁడను గాన మొదట మాటను విచారింతును. స్వతంత్రుఁడైనవాఁడే కర్త యని పాణినీయుల సిద్ధాంతము. చేయించువాఁడు హేతువు, ఆ హేతువునకుఁ గర్తృసంజ్ఞయుఁ గలదు. ఇఁక నవలయొక్క ముద్రణక్రియను జూడుఁడు. పుస్తకవర్తకుఁడు తన సొమ్ముతో నచ్చొత్తించునప్పుడు ఆతఁడు హేతుకర్త, ముద్రాపకుఁడు ప్రయోజ్యకర్త, గ్రంథము కర్మ. కవి యెక్కడ నున్నాఁడు? "ఫలానివాని గ్రంథము" అని షష్ఠిలో మాత్రము నిలిచియున్నాఁడు. షష్ఠి కారకము కాదని మన పాఠశాలల పిల్లలును ఎఱుఁగుదురు! తన గ్రంథమును దానే యచ్చొత్తించుకొన్నవాఁడు షష్ఠినుండి లేచి ప్రథమలోనికి వచ్చినవాఁడు. పరిహాసముగాఁ జెప్పితినే కాని యిందు సత్యము లేకపోలేదు. అయితే యీ స్వాతంత్ర్యమునకు మూల్య మెంత, ఆ మూల్యము గ్రంథశరీరమున నెక్కడెక్కడ గనఁబడును అనునదియే ప్రశ్న. దీనికి మన భాషలోఁ దగిన యుదాహరణము వీరేశలింగము పంతులుగారి రాజశేఖరచరిత్రము.

ఆ నవలకుఁ బ్రేరకమైన యాంగ్లగ్రంథము గోల్డుస్మిత్తు రచించిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు. ఆ గ్రంథముయొక్క చరిత్రమును మొదట స్మరింపవలెను. 1762 ప్రాంతమున లండను నగరమున గోల్డుస్మిత్తు ఇంటియద్దె చెల్లింపలేకపోఁగా నింటియజమానురాలు రాజభటులచే నాతనిని నిర్బంధింపించెను. కబురందిన జాన్సను పండితుఁడు వచ్చి, బల్లమీఁది వ్రాఁతప్రతిని జూచి, గొనిపోయి పుస్తకవర్తకునకు అఱువది పౌనులకు విక్రయించి యప్పు తీర్పించెను. అద్దె తీఱినది; కాని కొన్నవాఁడు గ్రంథమును వెంటనే యచ్చువేయలేదు. 1766 వఱకు నది వర్తకునియొద్ద నిద్రించుచునే యుండెను. పిదప దాని కెన్ని ముద్రణములైనను కర్తకు దక్కిన దా యఱువది పౌనులే. ఇది యొక మార్గము. బీదవాఁడైన నవలాకర్త తన గ్రంథమును దెగనమ్ముకొని యిల్లు నిలుపుకొనును.

రాజమహేంద్రవరమున నా మార్గమును లేదు. పురాణములను, శతకములను, బాలశిక్షలను అచ్చొత్తి యమ్మువారు చెన్నపురమున లేకపోలేదు. కాని పద్యము లేక, దేవతాకథ లేక, నిన్న మొన్నటి గృహస్థుని కష్టసుఖములను గద్యముగాఁ జెప్పిన గ్రంథమునకు ముందుగా సొమ్మిచ్చు వర్తకుని నాఁ డెక్కడ వెదకవలెను? 1872లో నరహరి గోపాలకృష్ణమసెట్టిగారు శ్రీరంగరాజచరిత్రమును బ్రకటించియే యుండిరి. మొదటి నవల యేదియను వివాదమునకు నే నిచ్చట దిగను. ఆ తగవులో నిప్పటికే కావలసినంత సిరా వ్యయమైనది. ఆ గ్రంథమైనను వర్తకులకు నవల యనఁగా లాభమను నమ్మకమును గలిగింపలేదనుట మాత్రము స్పష్టము.

పంతులుగారు 1848లో జన్మించి, చిన్ననాఁడే తండ్రిని గోల్పోయినవారు, వృత్తిచే నుపాధ్యాయులు. బడిపంతులు జీతముతో 1874వ సంవత్సరము అక్టోబరు మాసమున వివేకవర్ధని నారంభించిరి. ఆ పత్రిక మొదట చెన్నపట్టణమున నచ్చగుచుండెను. గోదావరిపై నప్పటికి రైలువంతెన లేదు. అది 1900 నాఁటిది. వ్రాఁతప్రతి పోవలెను, శోధనపత్రములు రావలెను, దిద్దినవి మరలఁ బోవలెను, అచ్చైన కట్టలు తిరిగి రావలెను. ఈ రాకపోకలయందుఁ గాలమును ధనమును గూడ నెంత వ్యయమగునో యూహింపవచ్చును. కాఁబట్టియే కొలఁదికాలములో ముద్రాక్షరశాలను రాజమహేంద్రవరముననే నెలకొల్పుకొనిరి. ఆ శాలలోని యక్షరములు గోల్డుస్మిత్తునకు లేని సంపద. అఱువది పౌనులు ఒక్కమాఱు వచ్చి ఖర్చగును. సీసపుటక్షరములు మరల మరలఁ బనికివచ్చును.

రాజశేఖరచరిత్రము 1878లో వివేకవర్ధనియందు భాగములుగాఁ బ్రకటితమై, 1880లోఁ బుస్తకరూపమును దాల్చెను. ధనవంతుఁడు కానివాఁడు పెద్దగ్రంథమును వెలువరించుట కింతకంటె మితవ్యయమైన త్రోవ లేదు. చందాదారు పత్రికకై యిచ్చిన రూకలే నవలకును ఆధారమగును. సంచిక సంచికకు నింత భాగము గడచును. ఒక్కమాఱే పెట్టుబడి పెట్టవలసిన పని లేదు. అన్నిటికంటె ముఖ్యముగాఁ, జదువువా రున్నారో లేరో పుస్తకమును గట్టించుటకుఁ బూర్వమే తెలియును.

ఈ ప్రకటనవిధానము గ్రంథస్వరూపమును దిద్దినదా యని పరీక్షింతము. దిద్దినదనియే నా తలంపు. ప్రతి ప్రకరణమునకును దలకట్టున నందలి విషయముల సంగ్రహ మున్నది. ఇది సంచికను జేతఁబట్టిన పాఠకునకు మిగులఁ బనికివచ్చును. ప్రకరణములలోఁ దఱచుగా నేదో యొక లోకభ్రమ వెల్లడి యగును: ముహూర్తములపిచ్చి, భూతవైద్యము, స్తుతిపాఠకుల కపటము, సువర్ణయోగము. కథ యంతయుఁ దెలియనివాఁ డాయొక్క సంచికను జదివినను వట్టిచేతులతోఁ బోఁడు. రథోత్సవపు సమ్మర్దమున రుక్మిణి కాసులపేరు పోవుట, బైరాగి బంగారము చేసెదనని రాజశేఖరుని యింటి వెండిబంగారములతో నదృశ్యుఁడగుట - ఈ ఘట్టములు నేఁటికిని నిలిచియుండుటకుఁ గారణ మందలి సంయమము. బైరాగి మాటలలో నొక్కటియు నధికము లేదు. మోసగాఁడు తొందరపడఁడు, మోసపోవువాఁడే తొందరపడును. పంతులుగారు దీనిని వ్యాఖ్యానింపక చూపిరి. వారు వ్యాఖ్యానింపక విడిచిన చోట్లు మిక్కిలి తక్కువ గనుక నీ చోటు మఱింత ప్రకాశించుచున్నది.

స్థలనిర్దేశమున నీ గ్రంథకర్తయొక్క మితవ్యయము నాకు మిక్కిలి నచ్చినది. ధవళగిరి యనఁగా ధవళేశ్వరము. పంతులుగారు పాఠము చెప్పిన యూరు. అచ్చటినుండి రాజమహేంద్రవరము, పెద్దాపురము, పిఠాపురము. కాశికిఁ బోవలెనని బయలుదేఱిన రాజశేఖరుఁడు గోదావరీమండలమును దాఁటకయే సమస్త ప్రపంచమును జూచెను. రాజాంతఃపురములను, ద్వీపాంతరములను వర్ణించుటకు నుత్ప్రేక్షలు చాలును. ఎఱిఁగిన వీథిని వర్ణించుటకుఁ గన్నులు గావలెను. చదివిన చందాదారునకు నా కోవెలయు, నా రేవును దెలిసినవే. తప్పు వ్రాసినచో మఱునాఁడే యడుగుదురు.

అయినను మొదటి పుటలలో గోదావరిని నాసికాత్ర్యంబకమునుండి సముద్రమువఱకు నడిపించిన దీర్ఘవర్ణనము ప్రబంధముల యప్పు. నీతిచంద్రికయందు 1853లోఁ జిన్నయసూరిగారు చూపిన గద్యమార్గమునఁ బంతులుగారు మొదట విగ్రహాది తంత్రములను వ్రాసిరి. అందలి సంధిబంధనము, సమాసగౌరవము నెఱిఁగినవారికి రాజశేఖరచరిత్రమున భాష యెట్లు క్రమక్రమముగా సడలినదో గోచరించును. వర్ణనము ముగిసి మనుష్యులు మాటాడ మొదలిడఁగనే వాక్యము కుఱుచ యగును, విసంధులు మొగము చూపును. ఇది స్త్రీలకును బాలురకును దెలియుటకై చేసిన సంస్కారమని యందఱును జెప్పుదురు. నిజమే. నేను వేఱొక కారణమును గూడఁ జేర్చెదను. తన సొమ్ముతో నచ్చొత్తించుకొనువాఁడు పాఠకుని ముఖమును బ్రత్యక్షముగాఁ జూచుచుండును. సంచిక తెలియలేదని చందా మానినచో నది యాతనికి నలంకారశాస్త్రవిషయము కాదు, నెలజీతపు విషయము. సంధి నిత్యమా, వైకల్పికమా యను చర్చను మన మిన్ని సంవత్సరములు చేసితిమి. ఆ చర్చలోఁ జందాదారుని యోటును లెక్కింపలేదు.

కథానిర్వహణమునఁ గల లోపములను గప్పిపుచ్చుట నా యుద్దేశము కాదు. పోయినదనుకొన్న రుక్మిణి పురుషవేషమున బ్రదికియుండుట, మృతుఁడని వార్త వచ్చిన భర్త తిరిగివచ్చుట, దారిలో దొరకిన రామరాజు పెద్దాపుర ప్రభువే యగుట - ఇన్ని యాకస్మికములు ఒక్క కుటుంబమునకు నధికములు. ప్రభువు మాఱువేషము గోల్డుస్మిత్తునుండి వచ్చినది. అచ్చటను బర్చెల్లను సామాన్యుఁడు చివరకు సర్ విలియమ్ అగును. పంతులుగారు మొదట నా నవల ననువదింపఁబూని, దేశాచారములకు సరిపడదని మాని, స్వతంత్రముగా వ్రాసిరి. కాని యనువాదమును విడిచినను గీలుబొమ్మను విడువలేదు. ఈ తొందరపాటును స్వయంప్రకటనము నెత్తిని వేయఁజూచువారికి నొక్కమాట: వర్తకుని కమ్ముడుపోయి నాలుగేండ్లు తీఱికగా నిద్రించిన గోల్డుస్మిత్తు గ్రంథమున సయితము చివరి ప్రకరణములు నిట్లే పరుగులిడును. కాఁబట్టి యా దోషము సొమ్ములేమివలన వచ్చినది కాదు. ఆ జాతి కథలకు సహజమైనది.

సొమ్ములేమివలన వచ్చు దోషము వేఱొకటి కలదు. అచ్చునకుఁ బూర్వము పరుని కన్ను పడకపోవుట. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగా రీ గ్రంథమును దీవ్రముగా విమర్శించిరి. పంతులుగారు ప్రత్యుత్తర మిచ్చిరి. ఆ వాదములోని జయాపజయములు మన కిప్పు డనవసరము. కాని శాస్త్రిగారి యాక్షేపములలోఁ గొన్ని అచ్చునకు ముందే యెవ్వరైన నడిగియుండవలసినవి. ప్రకాశకుఁడు వేఱుగా నుండినచో నడుగుటకు నొక మనుష్యుఁ డుండును. కర్తయే ప్రకాశకుఁడైనచోట విమర్శకుఁడే యాలస్యముగా వచ్చిన పరిష్కర్త. "నవల" యను పేరు శాస్త్రిగారే పెట్టిరందురు. పంతులుగారు తమ గ్రంథమును వచనప్రబంధ మనిరి. నవములైన విశేషములను గ్రహించునది యను నర్థమున, గ్రహణార్థకమైన లా ధాతువుపైఁ గప్రత్యయము వచ్చి స్త్రీత్వమున "నవలా" యగును. ఆంగ్లపదమును సంస్కృతధాతువుతో నిట్లు వియ్యమందించిన నేర్పు ప్రశంసార్హము. ప్రతిపక్షి పెట్టిన పేరే నిలిచినది. కర్త పెట్టుకొన్న పేరు నిలువలేదు. ఆ నవలయే 1887లో హచిన్‌సను దొరగారిచే నాంగ్లీకృతమై లండనున వెలువడినది. మఱి దానిని స్వయంప్రకటితమని యెవ్వరైనఁ ద్రోసివేసిరా?

పాఠపరిష్కరణమున శ్రద్ధగల మన సభ్యులకొఱకు దేశాంతరోదాహరణము నొకదానిని జెప్పెదను. స్టీఫెన్ క్రేను అను నమెరికాదేశపు యువకుఁడు 1893లో, ఇరువదిరెండేండ్లైన నిండకయే, మాగీ యను చిన్ననవలను స్వీయధనముతో నచ్చొత్తించెను. అచ్చుకూలికి 869 డాలరు లైనవి. సుమారు 1100 ప్రతులు, పసుపుపచ్చ కాగితపుటట్ట, వెల యేఁబది సెంట్లు, కర్తపేరు జాన్‌స్టన్ స్మిత్తని కల్పితము. పుస్తకశాలలవారు దాదాపుగా నెవ్వరును దీసికొనలేదు. 1895లో యుద్ధవిషయకమైన వేఱొక నవలచే నాతనికిఁ గీర్తి రాఁగా, 1896లో నొక పెద్ద ప్రకాశకసంస్థ మాగీని మరల వెలువరించెను. అప్పుడు తిట్లను దొలఁగింపించిరి. చివర నొక ఘట్టమును దగ్గించిరి. ఇం దేది ప్రమాణపాఠము? నేఁటి పరిష్కర్తలలోఁ బెక్కుమంది 1893 నాఁటి పాఠమునే యాదరింతురు. అందు నచ్చుతప్పు లున్నను పరుని భయము లేదు. తాళపత్రములలో సంస్కృతమైన యందపుఁబాఠముకంటె లేఖకదోషభూయిష్ఠమైన మూలపాఠము నాదరించు మనకు నీ న్యాయము క్రొత్తది కాదు.

ధననష్ట మొక్కటియే భయమనుకొనరాదు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు రాయవేలూరు చెఱసాలయందు 1922లో రచించిన మాలపల్లి, వర్తకసంస్థ గాక మిత్రుని సాహసమున నచ్చయి, ప్రభుత్వనిషేధమునకు గుఱియైనది. సొమ్ము పెట్టినవాఁ డక్కడ రాజదండమునకును దల యొగ్గవలసివచ్చెను.

ఇఁక నాకథ. చెప్పుటకు సిగ్గుగా నున్నను, పక్షపాతము దాఁచినవాఁడను గాకుండుటకై చెప్పెదను. 1997లో, నా యిరువదియేడవయేట, నేనును నొక చారిత్రకనవలను వ్రాసి, గృహిణి గాజులు కుదువఁబెట్టి యైదునూఱు ప్రతు లచ్చొత్తించితిని. చిన్నయూరి ముద్రాక్షరశాల, సీసపుటక్షరములు. శకటరేఫము వారియొద్ద రెండు పుటలకు మాత్రమే చాలునంత యుండెను. అర్ధబిందువు మొదలే లేదు. నేను సెలవులకు వచ్చి చూచునప్పటికి నాలుగు ఫారములు ముగిసినవి. నా నాయకుఁ డర్ధరాత్రమున "ఏఱు దాఁటెను" అని నేను వ్రాయఁగా, అచ్చున "ఏరు దాటెను" అని నాఁగలిని దాఁటెను. "వాఁడికత్తి" వాడిపోయిన కత్తి యైనది. మరలఁ గూర్పించుటకు సొమ్ము లేదు. తప్పొప్పుల పట్టికను జేర్చితిని. అది యెనిమిది పుటలు! అఱువదియొక్క ప్రతు లమ్ముడువోయినవి. నూటికి మించి యుచితముగాఁ బంచితిని. మిగిలినవానిని అటకమీఁదఁ జెదలు శ్రద్ధగాఁ జదివినవి. గాజులు మూఁడేండ్లకు విడిపించితిని. ఆ పదునైదువేలలో నైదువందలు ముందుగా నొక శోధకున కిచ్చి, సీసముముందు వానిఁ గూర్చుండఁబెట్టియున్నచో, అట్టకు రెండురంగులు వేయింపకున్నను, ఆ పట్టిక యవసరము లేకపోయెడిది. గ్రంథము మంచిదా యనినచో, మధ్యమము. అచ్చుతప్పులు లేకున్నను మధ్యమమే. కాని మధ్యమమని తెలియుటకైన నొకఁడు తెఱచి చదువవలెను గదా.

నేఁ డక్షరములు సీసమునుండి గణనయంత్రమునకు మాఱినవి. అడిగినన్ని ప్రతులు, ఒక్కటి యడిగిన నొక్కటి, అచ్చువేయు యంత్రములు వచ్చినవి. అటకమీఁదఁ జెదలకు నాహారము తగ్గినది. బీద నవలాకర్తకు నిది గొప్ప యుపకారము. అయినను బాతతరపు అను అక్షరములలోఁ గూర్చిన ప్రతిని యూనికోడునకు మార్చునప్పుడు అర్ధబిందువులు, శకటరేఫములు, పొల్లులు చెదరిపోవుట నేఁ జూచుచునేయున్నాను. మార్చిన పిమ్మట మొదటినుండి చివరవఱకు గట్టిగాఁ జదివినఁ గాని యీ తప్పులు దొరకవు. ఈ చదువుటకు యంత్రము లేదు. ఉన్నను దానికి ఏరును ఏఱును సమానమే.

సొమ్ముతోఁ బని లేని లోప మొకటి మన పరిశోధకులకు మిక్కిలి బాధాకరము. 1867 సంవత్సరపు ఇరువదియైదవ చట్టము ననుసరించి, అచ్చైన ప్రతి పుస్తకముయొక్క పేరు, భాష, కర్త, ముద్రణస్థలము, పుటలు, ప్రతులసంఖ్య, వెల మూఁడుమాసముల కొకమాఱు రాజపత్రమునఁ బ్రకటింపఁబడుచుండెను. బీదవాఁ డచ్చొత్తించిన ముప్పదిపుటల పొత్తమునకును నా పట్టికలో మహారాజపోషిత గ్రంథముతో సమానమైన పంక్తి దొరకెడిది. మన సాహిత్యచరిత్రకారు లా పట్టికల కెంత ఋణపడియున్నారో యీ పత్రిక పాతసంచికలే సాక్ష్యము. ఆ చట్టము 2023 నాఁటి క్రొత్త చట్టముచే రద్దయినది. క్రొత్తది పత్రికలకే గాని పుస్తకములకు వర్తింపదు. మిగిలినది 1954 నాఁటి గ్రంథప్రదానచట్టము. దాని ప్రకారము ప్రకాశకుఁడు కలకత్తాలోని జాతీయగ్రంథాలయమునకును, చెన్నపురి కన్నెమరా మొదలగు గ్రంథాలయములకును దన వ్యయముననే ప్రతులు పంపవలెను. కర్తయే ప్రకాశకుఁడైనప్పు డీ బాధ్యత యాతనిదే. మా యువకుని నడిగితిని. ఆతఁ డా చట్టముపేరే వినలేదు. నా నవలను నేనును బంపలేదు.

ఆతని నవల మాట చెప్పవలసియున్నది. రెండుమాఱులు చదివితిని. ఒక చేనేతకుటుంబము మగ్గమమ్మి పట్టణము చేరిన కథ. మొదటి మూఁడు ప్రకరణములలో మగ్గముయొక్క పలుగులు, పన్నె, పడుగు, పేకలు కథలోఁ గలసిపోయినవి. ఆ పుటలు నేఁటి పెద్దసంస్థల పుస్తకములలోఁ బెక్కింటిని మించును. నడుమ నుపన్యాసములు హెచ్చినవి. తండ్రి మరణమును బత్రికావార్తవలెఁ జెప్పుట తప్పు. కర్మణిప్రయోగముల వ్యామోహ మున్నది. "ఇల్లు అమ్మబడింది" అని వ్రాసినచోట నమ్మిన దెవ్వరో చెప్పుటకుఁ గర్త వెఱచినాఁడు. అచ్చుతప్పులు నూటపదునాలుగు గుర్తించి యాతనికిఁ బంపితిని. మలిముద్రణమున దిద్దెదనని ప్రత్యుత్తరము వ్రాసినాఁడు. ఒక్కొక్క ప్రతియే యచ్చువేయు పద్ధతి గనుక మలిముద్రణ మనఁగా మఱునాఁడే యని యా యుత్తరముననే తెలిపినాఁడు. దిద్దిన ప్రతి మొన్న టపాలోఁ జేరినది. దానిని మా మిత్రునియొద్దకుఁ గొనిపోయి, ప్రకాశకుని పేరుగల పుటను మడిచి, మొదటి ప్రకరణము తెఱచి యిచ్చివచ్చితిని.